రెండో జుక్రా

12 జూన్ 1996, బుధవారం

మంచు ఫ్యాక్టరీలో లెక్క తొందరగా తేలిపోయింది. ఎదురుగాలి, పడవలు కదల్లేదు. ఊరికే కూర్చోవడం నాకు రాదు. అందుకని ఈ కొత్త పుస్తకం తెరిచాను. ఇందులో అంకెలు రాయను. ఎవరితోనూ అనలేనివి రాస్తాను.

హమ్మూదా బాబాయ్‌కి మిగిలిన ముందుపళ్ళు కూడా ఊడిపోయాయి. పళ్ళు లేకపోతే పెదవి నిలవదు, పెదవి నిలవకపోతే జుక్రా పలకదు. ఈ వేసవి పెళ్ళిళ్ళతో ఊదడం మానేస్తానని మా పెళ్ళి వాయిద్యాల దళం అందరి ముందూ చెప్పాడు. ఆ తర్వాత డోలు మాత్రమే. ఆయన జుక్రా ఆయన తండ్రిది. ఆలివ్ చెక్క సన్నాయి, మెడకు వెండి కట్టు. మా కర్కెన్నా దీవుల్లో దాని మోత లేకుండా పెళ్ళి జరిగిన ఇల్లు లేదు. ఈ ఏటి ఆఖరి పెళ్ళి అయ్యాక అది ఎవరి చేతిలో పెడతాడో వాడే ఇక మొదటి జుక్రా.

పదిహేడేళ్ళుగా నేను రెండో జుక్రా. మొదటివాడు పాట ఊదుతాడు. రెండోవాడు ఒకే స్వరం పట్టుకుని పక్కన నడుస్తాడు. మొదటివాడు ఎక్కడ గాలి తీసుకుంటాడో, ఎక్కడ దాచుకుంటాడో వాడి పెళ్ళానికి తెలియకపోయినా రెండోవాడికి తెలియాలి. ముక్కుతో పీలుస్తూనే బుగ్గల్లోని గాలిని బయటికి తోస్తాం. అందుకే మోత తెగదు. పెళ్ళికొడుకు ఇంటి నుంచి పెళ్ళికూతురి గడప దాకా అది తెగకూడదు. తెగితే కాపురం తెగుతుందని మా ఆడవాళ్ళ నమ్మకం.

ఈసారి నా వంతు. ఎవరూ అనలేదు. అందరికీ తెలుసు.

20 జూన్

ఫెర్రీలో స్ఫాక్స్ పట్నం నుంచి ఒకడు దిగాడు. వజ్దీ. హమ్మూదా బాబాయ్ చెల్లెలి కొడుకు. ఇరవై ఆరేళ్ళుంటాయి. పుట్టుకతో ఉబ్బసం. ఫ్యాక్టరీ పొగలకు దూరంగా కొన్నాళ్ళు సముద్రం గాలి పీల్చమని డాక్టర్ పంపాడట. జేబులో మందు నోట్లోకి కొట్టుకునే నీలం రంగు పంప్, చంకలో జుక్రా.

ఉబ్బసం వాడికి జుక్రా ఎందుకని లోలోపల నవ్వుకున్నాను.

"ఏదీ, ఒకసారి ఊదరా" అన్నాడు హమ్మూదా బాబాయ్. ఊదాడు.

గ్లాసుల్లో టీ చల్లారిపోయింది. ఎవరూ తాగలేదు.

21 జూన్

తిండి సయించలేదు. "జుక్రా ఊదింది వాడు. బుగ్గలు ఉబ్బింది నీకు" అంది నా భార్య నజీహా.

లేచి చేతులు కడుక్కున్నాను. జవాబు చెబితే నిజమైపోతుంది.

7 జూలై

నిన్న మెల్లిటా ఊళ్ళో పెళ్ళి. సగం దారి హమ్మూదా బాబాయ్, సగం దారి వజ్దీ. నేను ఇద్దరి పక్కనా.

ఇది రాసి పెట్టుకోవాలి. ఊరేగింపుకు ముందు వాడు గోడవారన గొంతుక్కూర్చుని పిల్లికూతలు కూశాడు. గుక్క తిప్పుకోలేడు, మొహం బూడిదరంగు. వీడివల్ల కాదనుకున్నాను. జనం చేరారు, ఆడవాళ్ళు నాలుకలాడిస్తూ కేకలు పెట్టారు, డోలు మోగింది. వాడు లేచాడు. పిల్లికూతలు ఎవరో గుడ్డతో తుడిచేసినట్టు పోయాయి. మసీదు మూల తిరిగేసరికి వాడి ఛాతీ తలుపులన్నీ తెరిచిన ఇల్లులా ఉంది.

నాకు అదే జనాన్ని చూస్తే వేళ్ళు వణుకుతాయి. మూడేళ్ళుగా. ఇంట్లో వణకవు, మంచు ఫ్యాక్టరీలో వణకవు. ఒకే స్వరం పట్టేవాడికి వేళ్ళతో పనిలేదు కనుక ఎవరూ కనిపెట్టలేదు. మొదటి జుక్రా పట్టాలంటే వేళ్ళు కావాలి.

15 జూలై

స్ఫాక్స్ వెళ్ళి డాక్టర్‌కి చేతులు చూపించాను. చిన్న మాత్రలు రాశాడు. వాయించబోయే ముందు ఒకటి మింగమన్నాడు. ఇంకేం జబ్బులున్నాయని అడిగాడు. లేవన్నాను.

తిరిగి వస్తూ పేవ్‌మెంటు మీద పాత శరీరశాస్త్రం పుస్తకం ఒకటి కొన్నాను. ఫ్రెంచిది. ఆ భాష నేను బళ్ళో నేర్చుకోలేదు, మంచు యంత్రాలతో వచ్చిన కాగితాలు చదివి నేర్చుకున్నాను. కంప్రెసర్ గురించి రాసినంత తేటగా మనిషి గురించి రాయరు. అయినా ఫెర్రీలో చదివాను.

ఛాతీలో గాలి గొట్టాల చుట్టూ సన్నని కండరాలుంటాయి. మన మాట వినవు. వాటికి కబుర్లు వస్తాయి. మెడ మీదుగా దిగే ఒక నరం చివర నుంచి వచ్చే కబురు "బిగుసుకో" అంటుంది. భయపడ్డప్పుడు, ఉత్సాహం వచ్చినప్పుడు మూత్రపిండాల మీద ఉన్న చిన్న గ్రంథుల నుంచి ఇంకో కబురు నెత్తుట్లో పడి వస్తుంది. దాని పేరు ఎడ్రినలిన్. అది "వదులవు" అంటుంది. వజ్దీ నీలం పంప్‌లో ఉన్నది ఆ కబురుకు నకలే.

పేజీ చివర రాశాడు: అదే ఎడ్రినలిన్ వేళ్ళను వణికిస్తుంది.

పుస్తకం మూసి సముద్రం చూస్తూ కూర్చున్నాను. జనాన్ని చూడగానే వాడికీ నాకూ ఒకే కబురు వస్తుంది. వాడికి తలుపులు తెరిచిపోతుంది. నాకు వేళ్ళు విరగ్గొట్టి పోతుంది. భయం కూడా వాడికి చుట్టం, నాకు పాలివాడు.

16 జూలై

మాత్రల పెట్టెలోని కాగితం కూడా చదివాను. ఈ మాత్ర ఎడ్రినలిన్ వచ్చి తట్టే తలుపులకు గడియ పెడుతుందట. గుండె దగ్గరా, ఛాతీ గొట్టాల దగ్గరా. పెద్ద అక్షరాలతో ఉంది: ఉబ్బసం ఉన్నవాళ్ళు వాడరాదు.

పెట్టె ఇంట్లోనే పెట్టి మాత్రల షీటు ఒక్కటే కోటు జేబులో వేసుకున్నాను.

28 జూలై

మాత్ర పనిచేస్తోంది. నిన్నటి పెళ్ళిలో హమ్మూదా బాబాయ్ ఒక పాట నాకిచ్చాడు. వేళ్ళు వణకలేదు. జనం తలలూపారు.

తర్వాత వజ్దీ ఊదాడు. జనం తలలూపడం మరిచిపోయారు.

4 ఆగస్టు

పంప్ ఎక్కువసార్లు కొట్టుకుంటే వజ్దీ చేతులు వణుకుతాయి. నిన్న టీ గ్లాసు పట్టుకుంటే సాసరు గణగణలాడింది. అందరూ నవ్వారు. వాడు ముందే నవ్వేశాడు. "నా పంప్‌ని ఊపిరి అడిగితే వేళ్ళు అమ్ముకోమంటోంది" అన్నాడు. అలాంటి మాటలు వాడికి నోట్లో పుడతాయి. నాకు ఇంటికొచ్చాక పుడతాయి.

అంతటితో ఊరుకోలేదు. "మొంజీ అన్నా, నీ వేళ్ళు చూడు, మేకు కొట్టినట్టుంటాయి. మొన్న ఏదో మాత్ర మింగావు కదా. అదేనా రహస్యం? నాకూ ఒకటి పడెయ్" అన్నాడు.

దళం అంతా నా వైపు తిరిగింది. మాలో నీదీ నాదీ అనే మాట లేదు. సిగరెట్టు, జుక్రా కొనకు పెట్టే పీక, సబ్బు, తలనొప్పి మాత్ర, ఎవరి జేబులో ఉన్నా అందరిదీ. అడగడమే తప్పు, తీసుకోవాలి. ఇవ్వననడం తమ్ముడికి నీళ్ళు లేవనడం లాంటిది.

ఇవ్వకూడదని తెలుసు. ఎందుకివ్వకూడదో చెప్పాలంటే అవి వణుకుడు మాత్రలని చెప్పాలి. అది చెప్పిన రోజే నేను హమ్మూదా బాబాయ్ జుక్రా మీద ఆశ వదులుకోవాలి.

"కడుపు మాత్రలవి. గ్యాసు" అన్నాను.

"నీకు కడుపులో గ్యాసేంట్రా, కడుపులో మాటలు కుళ్ళి ఉంటాయి. ఏడాదికొకటి బయటికి తీస్తావు" అన్నాడు హమ్మూదా బాబాయ్. మళ్ళీ నవ్వారు. నేనూ నవ్వాను.

11 ఆగస్టు

ఈ ఏటి ఆఖరి పెళ్ళి ఇరవై నాలుగున, మా రమ్లాలోనే. ఊరేగింపు మొదటి నుంచి చివరి దాకా వజ్దీయే మొదటి జుక్రా అని హమ్మూదా బాబాయ్ ఈరోజు చెప్పాడు. నా భుజం మీద చెయ్యి వేసి చెప్పాడు. ఆ చెయ్యి బరువు ఇంకా ఉంది.

"నువ్వు పక్కనుంటే వాడికి ధైర్యంరా మొంజీ. వాడి ఊపిరి నీకు తెలిసినట్టు ఎవరికి తెలుసు?" అన్నాడు.

ఎవరికీ తెలియదు. నిజమే.

17 ఆగస్టు

వజ్దీ మా ఇంటికొచ్చి వంటింట్లో నజీహాతో కబుర్లు చెబుతూ ఎండు అక్టోపస్ కొట్టిపెట్టాడు. ఆవిడ పడీపడీ నవ్వింది. నా మాటలకు ఆమె అలా నవ్విన రోజు గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. వాడు వెళ్ళాక వాకిట్లో వాడి పంప్ కనిపించింది. మరిచిపోయాడు. చేతిలోకి తీసుకున్నాను. ఇంత తేలికా అనిపించింది.

పరిగెత్తుకెళ్ళి ఇచ్చాను. ఇచ్చేముందు కాసేపు పట్టుకుని నిలబడ్డాను. అదీ రాస్తున్నాను.

23 ఆగస్టు

రేపు.

25 ఆగస్టు, ఆదివారం, మధ్యాహ్నం

అక్షరాలు వంకరగా వస్తున్నాయి. రానీ.

నిన్న పెళ్ళికొడుకు ఇంట్లో భోజనాలయ్యాయి. అక్టోపస్ వేసిన బార్లీ కుస్కుసు. తర్వాత అందరం దళం వేషం, తెల్ల కుచ్చిళ్ళ పావడాలు, ఎర్ర కోట్లు తొడుక్కుని మామూలు కోట్లు గోడకు తగిలించాం. చాలాసేపు నేను పెరట్లోనే ఉన్నాను, పీక నానబెట్టుకుంటూ. వజ్దీని చూడబుద్ధి కాలేదు. సాయంత్రం అసర్ నమాజు అయ్యాక మాత్ర కోసం లోపలికొచ్చి గోడకున్న నా కోటు జేబులో చెయ్యి పెట్టాను. షీటులో రెండు గుంటలు కొత్తగా ఖాళీ అయ్యాయి.

హమ్మూదా బాబాయ్ డోలు తాడు బిగిస్తూ చూశాడు. "నేనే తీశానురా. అన్నం తిన్న దగ్గర్నుంచీ వజ్దీ పొట్ట పట్టుకుని కూర్చున్నాడు. నీ కడుపు మాత్రలు గుర్తొచ్చాయి. ఒకటి చాలదేమోనని రెండు మింగించా" అన్నాడు.

నేను నోరు తెరిచాను. బయట ఆడవాళ్ళు కేక పెట్టారు. ఆయన డోలు తగిలించుకుని వెళ్ళిపోయాడు. ఆ తెరిచిన నోట్లో నా మాత్ర నేను వేసుకున్నాను.

అప్పుడు అనుకున్నది అనుకున్నట్టు రాయాలి. ఏమీ కాదేమో అనుకున్నాను. ఆ కాగితాల మీద అన్నీ ఎక్కువ చేసి రాస్తారనుకున్నాను. ఆ రెండింటి కిందా ఇంకోటుంది: ఒక్క సాయంత్రం వాడు కూడా మాలాగా ఊపిరి పీలిస్తే ఏం?

ఊరేగింపు కదిలింది. వజ్దీ బాగానే ఎత్తుకున్నాడు. మసీదు మూల వచ్చింది. ప్రతి పెళ్ళిలోనూ ఇంత దూరం వచ్చేసరికి వాడి ఛాతీ తెరుచుకునేది. తెరుచుకోలేదు. జనం ఉన్నారు, డోలు ఉంది, కబురు బయల్దేరే ఉంటుంది. వచ్చి తలుపు తట్టి ఉంటుంది. లోపల గడియ నాది.

బేకరీ దగ్గర పాట కింద నుంచి పిల్లికూత వినిపించింది. నాకొక్కడికే. మంగలి కొట్టు ముందు వాడు ఎడమ చేత్తో పంప్ తీసి కొట్టుకున్నాడు, మళ్ళీ కొట్టుకున్నాడు. కుళాయి దగ్గర మరోసారి. ప్రతిసారీ పాటలో పడిన ఖాళీని నా స్వరంతో నేను పూడ్చాను. అది రెండోవాడి పని. జనానికేమీ తెలియలేదు. నా వేళ్ళు రాతివేళ్ళలా ఉన్నాయి. ఎన్నడూ అంత బాగా ఊదలేదు.

పెళ్ళికూతురి సందు మొదట్లో వాడు నా వైపు చూశాడు. పెదవులు నేరేడుపండు రంగు. జుక్రా ఇంకా నోట్లోనే ఉంది, అందులోకి గాలి పోవడం లేదు. ఆ సందంతా పాట ఆగిందని ఎవరికీ తెలియదు, నేను మోస్తున్నాను కనుక. నేను ఆపితే తప్ప వాడు ఆగినట్టు కాదు.

వాడి నోట్లోంచి జుక్రా లాగేశాను. పీక తగిలి పెదవి చిట్లింది.

అంత నిశ్శబ్దం మా ఊళ్ళో నేను వినలేదు. పెళ్ళికూతురి నాయనమ్మ లల్లా దూజా గడపలోంచి అరిచింది. "నీ నోరు పడిపోను మొంజీ! నా మనవరాలి కాపురం తెంచావు కదరా!" హమ్మూదా బాబాయ్ నా కాలరు పట్టుకున్నాడు. "అసూయతో కళ్ళు పోయాయిరా నీకు? ఇంకో పదడుగులు ఓర్చుకోలేకపోయావా!" అన్నాడు. జనం వజ్దీని చూడలేదు. నన్నే చూస్తున్నారు.

పదిహేడేళ్ళుగా దాచుకున్న గొంతంతా వాడాను. "వాడు మింగినవి కడుపు మాత్రలు కావు! నా చేతులు వణుకుతాయి. వాటికి మాత్రలవి. ఉబ్బసం వాడికి విషం. నేను అబద్ధం చెప్పాను" అని అరిచాను. అప్పుడు వజ్దీ మోకాళ్ళ మీద కూలబడ్డాడు. అందరూ వాడి వైపు తిరిగారు.

చేపల వ్యాన్‌లో మంచు పెట్టెల మధ్య పడుకోబెట్టాం. హమ్మూదా బాబాయ్ రాలేదు. డోలు మోత కూడా ఆగిపోతే పెళ్ళే ఆగిపోతుందని, వెక్కుతూనే వాయిస్తూ గడప దాకా వెళ్ళాడట.

ఆసుపత్రిలో నర్సు హయాత్ ఉంది. ఆవిడ పంప్ తీసి పక్కన పెట్టి "ఏం మింగాడు?" అంది. పేరు చెప్పాను. ఒక్క క్షణం నా మొహం చూసి, వెంటనే వేరే మందు ఆవిరి ముసుగులో పోసి వాడి మొహానికి కట్టింది. చేతికి సూది వేసింది. డాక్టర్‌కి కబురంపింది. చేతులు ఆపకుండానే నన్ను తిట్టింది. "మగాళ్ళు! ఒకడు మందు పేరు చెప్పడు, ఒకడు అడగడు, ముసలాయన పప్పుబెల్లాల్లా పంచిపెడతాడు. పెళ్ళిళ్ళకి మీరూ మీ కుచ్చిళ్ళూ!"

పంప్ ఎందుకు పనిచేయలేదని అడిగాను, నాకు తెలిసినా. "వదులు చేసే కబురుకి నువ్వు గడియ పెట్టేశావుగా. ఆ తలుపు దగ్గర ఎంతసేపు మొత్తుకుంటే ఏం? బిగించే కబురు ఇంకోటుంది. దాని నోరు నొక్కుతున్నా. నిదానంగా వదులవుతాయి. అవ్వాలి" అంది.

ఆ బిగించే కబురు గురించి నేను చదివాను. దాని నోరు నొక్కే మందు ఉంటుందని నా పుస్తకంలో లేదు.

ముసుగులోంచి పొగ వస్తోంది. వాడి పక్కటెముకల మధ్య గుంటలు పడుతున్నాయి. ఆ ఊపిరిని విన్నాను. రెండోవాడి పని అదే కదా. చీకటి పడేవేళకి గుంటలు పూడాయి. పిల్లికూతలు మిగిలాయి. ఎన్నడూ లేనిది, ఆ కూతలు వినసొంపుగా అనిపించాయి.

30 ఆగస్టు

ఊరు రెండు చీలికలైంది. మొంజీ ఓర్వలేక పెళ్ళి చెడగొట్టి తర్వాత కథ అల్లాడని కొందరు. మొంజీ పరువు పోగొట్టుకుని ప్రాణం కాపాడాడని కొందరు. లల్లా దూజా మొదటి చీలిక.

నజీహా ఏ చీలికలోనూ లేదు. "రెండూ నిజమే అయ్యుంటాయి" అంది. కుస్కుసు వడ్డించింది. తిన్నాను.

8 సెప్టెంబర్

హమ్మూదా బాబాయ్ వచ్చాడు. వెండి కట్టు జుక్రా గుడ్డలో చుట్టి తెచ్చాడు. "నేనిచ్చిన మాత్రలకి నువ్వు నలుగురి ముందు నిలబడ్డావు. మందేదో అడగని ముసలి గాడిదను నేను. ఇది నీది. వణికితే వణకనీ. వణికే వేళ్ళతో ఊదినవాళ్ళు లేరా?" అన్నాడు. ఏడ్చాడు.

తీసుకున్నాను. పదిహేడేళ్ళ కోరిక. గుడ్డ విప్పలేదు.

10 సెప్టెంబర్

వజ్దీ ఆసుపత్రి నుంచి వచ్చిన దగ్గర్నుంచీ మేనమామ ఇంట్లోనే ఉన్నాడు. ఈరోజు వెళ్ళాను. పెదవి మీద గాటు ఇంకా మానలేదు. ప్రాణదాతవన్నా అంటాడేమోనని దారంతా భయపడ్డాను. అంటే భరించలేను.

కూర్చోగానే చెప్పేశాను. ఊరేగింపు కదలకముందే నాకు తెలుసనీ, బేకరీ దగ్గరే నీ పిల్లికూత విన్నాననీ, సందు దాకా ఆగాననీ.

వాడు పంప్‌ను చేతిలో అటూ ఇటూ తిప్పాడు.

"తెలుసు మొంజీ అన్నా" అన్నాడు. "నువ్వొక్కడివే వింటావనుకున్నావా? పక్కపక్కన నడిచేవాళ్ళం. ఎప్పుడూ నేను పంప్ తియ్యగానే నీ స్వరం బెదిరేది. ఆ రోజు బెదరలేదు. మంగలి కొట్టు దగ్గర నేను కొట్టుకుంటుంటే నున్నగా, నూనె పోసినట్టు పోతోంది. అప్పుడే అనుకున్నా, వీడికి ఏదో తెలుసు అని."

నువ్వే ఎందుకు ఆపలేదని అడిగాను.

"ఆపితే జుక్రా నీకు పోతుందిగా" అన్నాడు. నవ్వబోయాడు. దగ్గొచ్చింది.

వాడికీ ఉందా అది! ఈ వేసవంతా అది నాకొక్కడికే ఉందనుకున్నాను.

21 సెప్టెంబర్

ఆఖరి పెళ్ళి అయిపోయిందనుకున్నాం, ఇంకోటి తగిలింది. అల్ అత్తాయాలో. మాత్ర వేసుకోలేదు. వెండి కట్టు జుక్రా నా చేతిలో గజగజ వణికింది. రెండోది పట్టడానికి ఎవరూ లేరనుకుంటుంటే వజ్దీ వచ్చి నా ఎడమ పక్కన నిలబడ్డాడు, ఒకే స్వరం పట్టుకుని. గడప దాకా నా ఊపిరి వాడు విన్నాడు.